రబ్బరు ఫ్లోరింగ్ కింద నేల ఆరే దాకా: హనుమకొండలో నా అనుభవం

హనుమకొండలో నేను పెట్టుకున్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో రబ్బరు ఫ్లోరింగ్ అతికించడం ఒక్క రోజులో అయిపోయింది. దాని కింది నేలను సిద్ధం చేయించడం మాత్రం 2023 డిసెంబరులో మొదలై 2024 మార్చి దాకా సాగింది. రబ్బరు అమ్మేవాళ్లు రంగులు, మందాలు, అడుగుకు ఎంత పడుతుందన్నది ఓపికగా చెబుతారు. కింద నేల ఎలా ఉండాలని అడిగితే మాత్రం "ప్లెయిన్‌గా ఉంటే చాలు మేడం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క వెనకాల ఎంత పని, ఎంత ఖర్చు, ఎంత ఎదురుచూపు ఉంటుందో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జిమ్‌కో, కరాటే క్లాసుకో, ఇంట్లో పెద్దవాళ్ల గదికో రబ్బరు వేయించాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

నాకు రబ్బరే ఎందుకు కావాలంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు. టైల్స్ మీద తడి కాలు పెడితే జారిపోతారు. ఇంకో సంగతి కూడా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి పాదం ముందు భాగం పైకి లేవదు, బొటనవేలు నేలను రాసుకుంటూ నడుస్తారు. అలాంటివాళ్లకు నేల మీద మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నా వేలు తగులుకుని పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఒకదానిలో ఒకటి ఇరికించే రబ్బరు పలకలు వద్దనుకున్నాను, వాటి అంచులు కొన్నాళ్లకు లేస్తాయి. 8 మిల్లీమీటర్ల మందం రోల్స్ తెప్పించి, మొత్తం జిగురుతో అతికించాలని నిర్ణయించుకున్నాను. జిగురుతో అతికించాలంటే మాత్రం కింది నేల గట్టిగా, శుభ్రంగా, సమంగా, పొడిగా ఉండాలి. మొదటి మూడూ డబ్బు పెడితే అవుతాయి. నాలుగోదానికి డబ్బుతో పాటు ఓపిక కావాలి.

హాలు 20 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు. నయీంనగర్ వైపు, రోడ్డు మీదికి గ్రౌండ్ ఫ్లోర్. అంతకుముందు ముందు భాగంలో బైక్ మెకానిక్ షెడ్డు, వెనక సామాన్ల గది ఉండేవి. 2023 జూలై వరదల్లో ఆ వీధిలోకి కూడా నీళ్లు వచ్చాయని ఓనర్ అంకుల్ దాచకుండా చెప్పారు. అద్దె నెలకు 14,000. జనవరి నుంచి ఇవ్వమన్నారు. సంక్రాంతికి మొదలుపెడదామన్నది నా ఆలోచన.

డిసెంబరు 18న మధ్య గోడ తీయించాం. గోడ లేచిపోయాక దాని అడుగున జానెడు వెడల్పు గాడి మిగిలింది. ముందు బెడ్డుకూ (నేలకు పోసిన కాంక్రీటు పొర) వెనక బెడ్డుకూ దాదాపు అయిదు మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉందన్నది కూడా అప్పుడే బయటపడింది. వెనక గది తర్వాత ఎప్పుడో కట్టారట. గాడిని 20వ తారీఖున కాంక్రీటుతో నింపారు. సుతారి మేస్త్రి మంచి పనిమంతుడు. కానీ ఆయన లెక్కలో వారం రోజులు నీళ్లు పోస్తే కాంక్రీటు పని అయిపోయినట్టే. కాంక్రీటు గట్టిపడటం వేరు, ఆరడం వేరు. గట్టిపడటానికి 28 రోజులు లెక్క. లోపలి నీరు బయటికి పోయి ఆరాలంటే, ఒక వైపు నుంచే ఆరే బెడ్డుకు అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని మోటు లెక్క ఒకటి ఉంది. అందుకే గాడిలో మందంగా పోయించకుండా అవసరమైనంత మేరకే పోయించాను.

జనవరి 5న పాలిథిన్ షీటు పరీక్ష పెట్టాను. ఇది ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. మందపాటి పారదర్శకమైన పాలిథిన్‌ను 18 అంగుళాల చదరపు ముక్కలుగా కోసి, నేలను శుభ్రంగా ఊడ్చి, నాలుగు అంచులూ గాలి చొరకుండా వెడల్పాటి టేపుతో అతికించాలి. కనీసం 16 గంటలు ఉంచాలి. ముందు భాగంలో, మధ్యలో, వెనక గోడ దగ్గర ఒక్కొక్కటి వేసి మర్నాటి సాయంత్రం దాకా వదిలేశాను. ముందుది, మధ్యది పొడిగా ఉన్నాయి. వెనక గోడ దగ్గరి షీటు లోపలి వైపంతా ఆవగింజలంత నీటి చుక్కలు. టేపు తీసి చూస్తే కింద సిమెంటు నల్లబడి ఉంది. చేత్తో తడిమితే చల్లగా తగిలింది. షీటు వేయకముందు అదే చోటు తెల్లగా, పొడిగా కనిపించింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఏమీ కప్పని నేల లోపలి తేమను ఎప్పటికప్పుడు గాలిలోకి వదిలేస్తుంది, కాబట్టి చూడటానికి పొడిగానే కనిపిస్తుంది. దాని మీద రబ్బరు పరిచామంటే ఆ తేమకు దారి మూసేసినట్టే. పైకి వచ్చిన తేమ జిగురు దగ్గర ఆగిపోతుంది. సిమెంటులోని క్షారం కూడా దానితో కలిసి వస్తుంది, జిగురు మెత్తబడుతుంది, అతుకులు లేస్తాయి, వాసన పడుతుంది. నేల తుడిచి, చెయ్యి పెట్టి చూసి "పొడిగానే ఉంది" అనే మాటకు అందుకే విలువ లేదు.

షీటు పరీక్ష పైపై తేమను మాత్రమే చూపిస్తుంది. షీటు కింద పొడిగా ఉన్నంత మాత్రాన లోపల కూడా పొడిగా ఉన్నట్టు కాదు. అందుకని రబ్బరు సప్లయర్‌ను అడిగి హైదరాబాద్ నుంచి టెక్నీషియన్‌ను పిలిపించాను. పొద్దున రైలుకు కాజీపేటలో దిగి వచ్చాడు, చాలా శ్రద్ధగల అబ్బాయి. జనవరి 10న మూడు చోట్ల బెడ్డు మందంలో 40 శాతం లోతుకు, అంటే మా నాలుగంగుళాల బెడ్డులో అంగుళంన్నర దాటి, రంధ్రాలు వేశాడు. లోపలి దుమ్మంతా తీసేసి, గొట్టాలు పెట్టి మూత బిగించాడు. 24 గంటలు ఆగితేనే సరైన రీడింగ్ వస్తుందని కాజీపేటలో వాళ్ల బంధువుల ఇంట్లో పడుకుని మర్నాడు మళ్లీ వచ్చాడు. ముందు భాగంలో రంధ్రం లోపలి గాలిలో తేమ (రిలేటివ్ హ్యుమిడిటీ) 76 శాతం, మధ్యలో 79, వెనక 93. మేం తెప్పించబోయే జిగురుకు కంపెనీ పెట్టిన హద్దు 85. ఈ హద్దు ఒక్కో జిగురుకు ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీదో దానితో ఇచ్చే కాగితంలోనో చూసుకోవాలి. రాకపోకలతో కలిపి ఆ పరీక్షకు 3,000 తీసుకున్నారు. మొత్తం పనిలో నాకు బాగా ఉపయోగపడిన ఖర్చు ఇదే.

93 వినగానే ఓనర్ అంకుల్ "అది వానాకాలం వచ్చిన వరద తడి బిడ్డా, ఎండకాలం వస్తే అదే పోతది" అన్నారు. వరద వచ్చి ఆరు నెలలు కావస్తోంది, ముందు భాగమంతా ఆరింది. వెనక ఒక్క గోడ పొడవునా తడి ఉందంటే నీళ్లు ఇప్పటికీ ఎక్కడి నుంచో వస్తున్నట్టే. ఆ గోడకు అవతల ఏముందో చూస్తే సంపు. సంపు గోడా మా హాలు గోడా దాదాపు ఆనుకునే ఉన్నాయి.

జనవరి 12 రాత్రి పైన ఇంట్లోవాళ్లు నీళ్లు పట్టుకోవడం అయిపోయాక సంపు నిండుగా ఉంచి, నల్లా వాల్వు కట్టేసి, మోటారు స్విచ్ తీసేసి, నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీశాం. అంకుల్‌ను కూడా పక్కనే నిలబెట్టుకున్నాను, తర్వాత మాట రాకూడదని. పొద్దున ఆరింటికి టార్చి వేసి చూస్తే నీళ్లు గీత కింద రెండు వేళ్ల మందం దిగి ఉన్నాయి. అంకుల్ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "సరే, బాగు చేయిద్దాం" అన్నారు. ఆయన మీద ఉన్న గౌరవం ఆ మాటతో ఇంకా పెరిగింది. అద్దెకు ఇచ్చేవాళ్లందరూ అలా ఒప్పుకోరు.

భోగి, సంక్రాంతి, కనుమ పోయాక 19న సంపు ఖాళీ చేశారు. మున్సిపల్ నల్లా పైపు సంపులోకి దిగే చోట చుట్టూ సిమెంటు ఊడిపోయి చెయ్యి దూరేంత సందు ఉంది. దాని కిందుగా మూల వెంబడి సన్నటి పగులు. వదులు భాగమంతా కొట్టేసి, కుదించుకుపోని గ్రౌట్ అనే సిమెంటు మిశ్రమంతో పూడ్చి, లోపల అంతా వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేశారు. పూత ఆరేవరకు సంపులో నీళ్లు పోయకూడదు. పైన రెండు కుటుంబాలు ఉంటున్నాయి. నీళ్ల కోసం వాళ్లు పడిన ఇబ్బంది చూసి నాకు నిజంగా బాధేసింది. నా పని కోసం వాళ్లకు కష్టం వచ్చింది కదా అని ఆ రోజుల ట్యాంకర్ల డబ్బులు నేనే కట్టాను. సంపు రిపేరు 11,000 అంకుల్ పెట్టుకున్నారు. జనవరి 27న సంపు మళ్లీ నింపి, అదే గీత పరీక్ష పెట్టాం. పొద్దునకి నీళ్లు గీత మీదే ఉన్నాయి.

ఆ తర్వాత ఆరడం కోసం ఎదురుచూపు. ఇది మనసుకు చాలా కష్టమైన భాగం. చేయడానికి పనేమీ లేదు, అద్దె మాత్రం నడుస్తోంది. పగలంతా షట్టర్ తెరిచి, రెండు ఫ్యాన్లు నేల వైపు తిప్పి పెట్టేదాన్ని. నేను ఇళ్లకు వెళ్లి చూసే పేషెంట్లు "కొత్త క్లినిక్ ఎప్పుడు మేడం?" అని అడిగినప్పుడల్లా టెన్షన్‌గా ఉండేది. మావారు, అత్తయ్య ఒక్కమాట అనలేదు కానీ, బంధువుల్లో కొందరు "టైల్స్ వేసి మొదలుపెట్టుకోక ఎందుకీ తిప్పలు" అన్నారు. ఒకసారి జారిపడి తుంటి విరిగిన పెద్దమనిషిని మళ్లీ నిలబెట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో రోజూ చూస్తున్నదాన్ని, నేను టైల్స్ వేయించలేను.

ఫిబ్రవరి 15న టెక్నీషియన్ మళ్లీ వచ్చాడు. 16న రీడింగ్ చూస్తే వెనక 88. తగ్గింది కానీ 85 కిందికి రాలేదు. ఫోన్‌లో షాపువాళ్లు "మూడు పాయింట్లే కదా, వేసేద్దాం" అన్నారు. పక్కన నిలబడ్డ టెక్నీషియన్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "వేస్తే ఇప్పుడు ఏం కాదు మేడం, వానాకాలంలో తెలుస్తది" అన్నాడు. ముందున్న దారులు రెండు. ఏప్రిల్ దాకా ఆగి మళ్లీ కొలవడం ఒకటి. వెనక భాగానికి మాత్రం తేమను ఆపే ఎపాక్సీ పూత వేయడం రెండోది. నేల కింద పాలిథిన్ పరవకుండా బెడ్డు పోసిన పాత కట్టడం కాబట్టి వానాకాలంలో మళ్లీ తేమ ఎక్కే అవకాశం ఎటూ ఉంది. పూతే వేయిద్దామనుకున్నాను. ఇక్కడ ఒకటి గమనించాలి. నీళ్లు వచ్చే దారి మూయకుండా పూత ఒక్కటే వేసి ఊరుకుంటే తేమ పక్కలకు పాకి గోడల్లోకి ఎక్కుతుంది. ముందు సంపు, తర్వాతే పూత.

వెంటనే మొదలుపెడదామంటే మేడారం జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. వరంగల్ చుట్టుపక్కల ఆ వారం కూలీ దొరకడు, ఆటో దొరకడు, ఇళ్లన్నీ చుట్టాలతో నిండి ఉంటాయి. రెండేళ్లకోసారి వచ్చే జాతర, ఎవరినీ ఆగమనడానికి నోరు రాదు. మేమూ వెళ్లి అమ్మవార్లకు బంగారం (అక్కడ బెల్లాన్ని అలా అంటారు) పెట్టి వచ్చాం. ఈ ప్రాంతంలో జాతర ఏడాది పని పెట్టుకునేవాళ్లు ఆ వారం పది రోజులు లెక్కలో లేవనుకోవడం మంచిది.

ఫిబ్రవరి 27న గ్రైండింగ్. పెద్ద మెషీన్‌కు త్రీఫేజ్ కరెంటు కావాలన్న సంగతి మెషీన్ వచ్చి దిగాకే వాళ్లు చెప్పారు. మా హాలుకు ఉన్నది సింగిల్ ఫేజ్. పెద్దది వెనక్కి పంపి చిన్న మెషీన్ తెప్పించేసరికి మధ్యాహ్నమైంది, పని మర్నాటి సాయంత్రం దాకా సాగింది. మీరు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడగండి. రేటు అడుగుకు 14 రూపాయల పైచిలుకు, మొత్తం 8,000 అయింది. పైన ఉన్న పాత పెయింటు, సిమెంటు పాలపొర, గోడలకు రంగులు వేసినప్పుడు పడ్డ మరకలు, అన్నీ పోయి కంకర అంచులు కనబడేదాకా గీకాలి. పెయింటు మీద జిగురు వేస్తే జిగురు పెయింటును పట్టుకుంటుంది, నేలను కాదు.

గ్రైండింగ్ దుమ్ము గురించి వైద్యరంగంలో ఉన్న మనిషిగా గట్టిగా చెప్పాలి. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బు నయం కాదు. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మూతికి దస్తీ కట్టుకుని మొదలుపెట్టబోయారు. పని ఆపించి ఎన్95 మాస్కులు తెప్పించి ఇచ్చాను, మెషీన్‌కు వాక్యూమ్ తగిలిస్తేనే నడపమన్నాను. "అలవాటే అక్కా" అన్నారు. అలవాటు కాబట్టే నాకు భయం.

మెకానిక్ షెడ్డు ఉన్న చోట ఆయిల్ మరకలు గ్రైండింగ్ తర్వాత కూడా నీడలా మిగిలాయి. వాటిని పరీక్షించడానికి నాలుగు నీటి చుక్కలు చాలు. మంచి కాంక్రీటు మీద చుక్క పడగానే పరుచుకుని ఇంకిపోతుంది, అక్కడ రంగు ముదురుతుంది. ఆయిల్ తాగిన చోట చుక్క గుండ్రంగా అలాగే నిలబడుతుంది. చాక్‌పీసు పట్టుకుని నేలంతా చుక్కలు వేసుకుంటూ, ఇంకని చోట్లన్నీ గుండ్రంగా గీశాను. మేస్త్రి యాసిడ్ కొడదామన్నారు. కిరసనాయిలుతో తుడుద్దామని ఇంకొకరు. యాసిడ్ కడిగినా దాని లవణాలు కాంక్రీటులోనే ఉండిపోయి జిగురును చెడగొడతాయి. కిరసనాయిలు కూడా నూనే. రెండూ వద్దని, జిడ్డు తీసే డీగ్రీజర్ పోసి తీగ బ్రష్‌తో రుద్దించి, తక్కువ నీళ్లతో కడిగించాను. అయినా ఇంకని రెండు చోట్ల వేలు లోతున చెక్కేసి పాలిమర్ మోర్టార్‌తో పూడ్చారు. దీనికి 3,200.

మార్చి 1న వెనక తొమ్మిది అడుగుల మేర ఎపాక్సీ మొదటి పూత, మర్నాడు దానికి అడ్డంగా రెండో పూత. రెండోది పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద పొడి సిలికా ఇసుక నిండుగా చల్లారు. నున్నటి ఎపాక్సీని, తర్వాత నేల సమం చేయడానికి పోసే లెవలింగ్ పొడి పట్టుకోదు, గరుకు కోసం ఆ ఇసుక. ఆరాక వదులుగా ఉన్నదంతా ఊడ్చి, వాక్యూమ్ పెట్టారు. 180 చదరపు అడుగులకు 8,100.

ఇక సమం చేయడం. పది అడుగుల అల్యూమినియం పట్టీని నేల మీద పెట్టి, దాని కింద ఎక్కడ సందు ఉందో చూడాలి. ఫ్లోరింగ్ వాళ్లకు మామూలుగా పదడుగులకు 3/16 అంగుళం, అంటే అయిదు మిల్లీమీటర్ల కంటే కొంచెం తక్కువ తేడా వరకు పరవాలేదు. నాకు మూడుకు మించకూడదు. కొలవడానికి పది రూపాయల బిళ్లలు వాడుకున్నాను. రెండు బిళ్లలు కలిపి పట్టీ కింద దూరితే మూడున్నర మిల్లీమీటర్లు ఉన్నట్టు. దూరిన చోటల్లా గుర్తు పెట్టాను. కిటికీ వెలుగు అవతలి నుంచి పడేలా పొద్దున పూట చూస్తే పట్టీ కింద సన్నటి వెలుగు గీత కూడా కనబడుతుంది.

మార్చి 6న సెల్ఫ్ లెవలింగ్, అంటే నీళ్లలో కలిపి పోస్తే దానంతట అదే సమంగా పరుచుకునే మిశ్రమం, పోశారు. ఎండలు అప్పటికే ముదిరాయి, మధ్యాహ్నం పోస్తే పరుచుకోకముందే బిగుసుకుంటుందని తెల్లవారుజామునే రమ్మన్నాను. ముందు రోజే ప్రైమర్ రెండుసార్లు కొట్టించాం. ప్రైమర్ లేకపోతే ఎండిన నేల ఆ మిశ్రమంలోని నీళ్లు లాగేసి, లోపలి గాలి బుడగలై పైకి వచ్చి సూది రంధ్రాలు పడతాయి. నా శ్రద్ధంతా నీళ్ల మీదే పెట్టాను. బస్తాకు ఎన్ని లీటర్లో సంచి మీద రాసి ఉంటుంది. మన దగ్గర అలవాటు చేతి అంచనా, మాలు గట్టిగా ఉంటే ఇంకో మగ్గు పోస్తారు. దీనిలో ఒక మగ్గు ఎక్కువైతే పైన సుద్దలాంటి పొర తేలుతుంది, జిగురు ఆ పొరతో సహా లేచి వస్తుంది. బకెట్‌కు లోపల మార్కర్‌తో గీత గీసి, "ఈ గీత దాటొద్దు అన్నా" అని చెప్పి అక్కడే నిలబడ్డాను. మేస్త్రి మొదట చిన్నబుచ్చుకున్నారు, రెండో బస్తా నుంచి ఆయనే మిగతావాళ్లకు గీత చూపించారు.

కలపడం డ్రిల్లుకు తగిలించిన తెడ్డుతో. పోసిన తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలే చేతిలో ఉంటాయి. అందుకే ఇద్దరు కలుపుతూ ఉంటే ఒకరు పోస్తూ, ఇంకొకరు మేకుల బూట్లు వేసుకుని లోపల నడుస్తూ ముళ్ల రోలర్ తిప్పుతూ పోవాలి. ముందు భాగంలో రెండు, మూడు మిల్లీమీటర్లు, వెనక ఎత్తు తేడా ఉన్న చోట ఆరు దాటి పడింది. మొత్తం 14 బస్తాలు పట్టాయి, ఒక్కోటి 1,150. ప్రైమర్ 2,400, కూలి 5,600. పోస్తున్నంతసేపూ, తర్వాత కూడా ఫ్యాన్లు కట్టేసి షట్టర్ దించేశాం. వారాల తరబడి ఆరబెట్టడానికి తిప్పిన ఫ్యాన్లనే ఇప్పుడు ఆపాలి, లేకపోతే పైభాగం ముందే ఆరి పగుళ్లిస్తుంది. తొమ్మిదింటికల్లా పని అయిపోయింది. షట్టర్ సందులోంచి చూస్తే గోడ నుంచి గోడ దాకా బూడిద రంగు నేల ఒక్క మడత లేకుండా కనిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

8న శివరాత్రి, ఎవరూ రారు. ఆరడానికి ఆ రోజులు కలిసొచ్చాయి. 11న మేకుతో గీసి చూశాను, తెల్లగా పొడి రాలలేదు. పట్టీ పెట్టి చూస్తే రెండు బిళ్లలు ఎక్కడా దూరలేదు.

రబ్బరు రోల్స్ అదే రోజు పార్శిల్ లారీలో వచ్చాయి. నాలుగడుగుల వెడల్పువి అయిదు, ఒక్కోటి 80 కిలోల పైమాటే. హమాలీలను ముందే మాట్లాడుకోకపోతే లారీ ఆగదు. రోల్స్ నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. నిలబెడితే అంచులు వంకర పోతాయి. విప్పి హాల్లోనే రెండు రోజులు వదిలేశాం. చుట్టి ఉన్నప్పుడు సాగిన రబ్బరు మళ్లీ తన కొలతకు రావాలి, గది వేడికి అలవాటు పడాలి. ఆ తర్వాతే కోత. గోడల దగ్గర ఆరు మిల్లీమీటర్ల సందు వదిలారు, మన ఎండలకు రబ్బరు సాగుతుంది.

రోల్స్ పరిచి చూసినప్పుడే ఇంకో సంగతి తెలిసింది. లెవలింగ్, రబ్బరు కలిపి నేల సెంటీమీటరు పైన లేచింది. బాత్‌రూమ్ తలుపు తెరుచుకోలేదు. కార్పెంటర్‌ను పిలిచి అడుగు కోయించాం. షట్టర్ దగ్గర లెవలింగ్‌ను పట్టాల కంటే ముందే ఆపించడం వల్ల షట్టర్ మామూలుగానే పడుతోంది. గుమ్మాల దగ్గర వాకర్, వీల్‌చైర్ తట్టుకోకుండా వాలుగా ఉండే అల్యూమినియం పట్టీలు బిగించాం.

13న అతికించడం. పాలియురెథేన్ జిగురు, పళ్ల కరణితో పరిచి, రబ్బరు వేసి, 45 కిలోల రోలర్‌తో రెండు దిక్కులా తిప్పారు. ఆ రోలర్ ఇక్కడ అద్దెకు దొరకలేదు, హైదరాబాద్ నుంచి వాళ్లతోనే తెప్పించుకున్నాం. అతుకుల మీద రాత్రంతా ఇసుక సంచులు పెట్టారు. జిగురు చేతికి అంటితే అప్పటికప్పుడు తుడవాలి, ఆరితే చర్మంతో పాటే పోవాలి. గ్లవ్స్ తప్పనిసరి. 24 గంటలు ఎవరినీ నడవనివ్వలేదు, మూడు రోజుల తర్వాత పేషెంట్లు పట్టుకుని నడిచే ప్యారలల్ బార్లు, మంచాలు లోపలికి తెచ్చాం. రబ్బరు వాసన నెల పైనే ఉంది, తలుపులన్నీ తెరిచి ఉంచితే క్రమంగా తగ్గింది. ఏప్రిల్ 9న, ఉగాది రోజు క్లినిక్ తెరిచాను.

లెక్క చూస్తే ఇలా తేలింది. రబ్బరు 70,000, జిగురూ అతికింపూ 14,000, లారీ, హమాలీ 4,800. కింది నేలకు: గోడ తీసి గాడి పూడ్చడం 9,500, తేమ పరీక్షలు రెండు సార్లకు 6,000, గ్రైండింగ్ 8,000, ఆయిల్ మరకలు 3,200, ఎపాక్సీ 8,100, లెవలింగ్ 24,100, ట్యాంకర్లు, మాస్కులు, తలుపు కోత, అంచు పట్టీలు కలిపి 6,500. అంటే పైదానికి 88,800 అయితే కిందదానికి 65,400. తెరవకుండా కట్టిన మూడు నెలల అద్దె 42,000 దీనికి అదనం. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఈ కింది లెక్క ఒక్క లైను కూడా లేదు. మీకు కొటేషన్ ఇచ్చేవాళ్లను నేల తేమ కొలిచేది ఎవరు, లెవలింగ్ ఎవరి ఖర్చు అని కాగితం మీద రాయించుకోండి.

జూలైలో వానలు బాగా పడ్డాక వెనక గుమ్మం దగ్గరి అల్యూమినియం పట్టీ విప్పి, రబ్బరు అంచు వేలితో లాగి చూశాను. కదల్లేదు. కింద తడి లేదు, వాసన లేదు. మిగిలిన రబ్బరు ముక్కలు రెండు అదే బ్యాచ్‌వి దాచి పెట్టాను, ఎప్పుడైనా ఒకచోట కోసి అతకాల్సి వస్తే రంగు కలవాలి కదా. లెవలింగ్ బస్తా ఒకటి విప్పకుండా మిగిలింది. అది నిలవ ఉంచితే గడ్డ కడుతుంది కాబట్టి లెవలింగ్ పోసిన వారంలోనే షాపుకు తిరిగి ఇచ్చేశాను, డబ్బులు వెనక్కి ఇచ్చారు.